'కూర్చో' అన్న మాట నుంచి ముఠాదారు సనదు దాకా: అధికారం మన అడవిని ఎలా చూసింది



గ్రూప్స్‌కి చదివే మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మౌర్యులు, గుప్తులు, చాళుక్యులు, కాకతీయులు అని వరసగా బట్టీ పడుతుంటారు. ఏ రాజు ఎప్పుడు గద్దె ఎక్కాడు, ఎవర్ని ఓడించాడు, ఏ బిరుదు పెట్టుకున్నాడు, అన్నీ నోటికొస్తాయి. అవే పుస్తకాల్లో అడవి మనుషుల గురించి ఆ రాజులు ఏమనుకున్నారని వెతికితే ఒకటి రెండు లైన్లకు మించి దొరకదు. కానీ ఆ ఒకటి రెండు లైన్లే చాలా చెప్తాయి. ఈసారి వాటిని పట్టుకుని కూర్చుందాం. అధికారం కావాలనే కోరిక ఈ దేశపు కథల్లో, శాసనాల్లో అడవి వైపు తిరిగినప్పుడు ఎలా మాట్లాడిందో చూద్దాం. ఆ తర్వాత అదే కోరిక మన గూడేల్లోకి ఎలా దిగిందో కూడా మాట్లాడుకోవాలి. అది బయటివాళ్ళ జబ్బు మాత్రమే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

ముందు వేనుడి కథ. మహాభారతం శాంతిపర్వంలో, అసలు రాజు అనేవాడు ఎలా వచ్చాడని ధర్మరాజు అడిగితే భీష్ముడు చెప్తాడు. వేనుడనే రాజు మదమెక్కి జనాన్ని పీడించాడు. ఋషులు మంత్రించిన దర్భలతో అతన్ని చంపేశారు. రాజు లేకపోతే ఎలా? శవాన్ని చిలకడం మొదలుపెట్టారు. తొడ చిలికితే పొట్టిగా, కాలిన మొద్దులాగా, ఎర్రటి కళ్ళతో ఒకడు పుట్టాడు. వాణ్ణి చూసి ఋషులు 'నిషీద' అన్నారు, అంటే కూర్చో అని. అందుకే వాడు నిషాదుడయ్యాడట, కొండల్లో అడవుల్లో ఉండేవాళ్ళంతా వాడి సంతతేనట. తర్వాత కుడి చెయ్యి చిలికారు. కవచం, విల్లు, బాణాలతో పృథువు పుట్టాడు. అతనికి పట్టం కట్టారు. అతను ఎగుడుదిగుడుగా ఉన్న భూమిని చదును చేశాడు, అతని పేరు మీదే భూమికి పృథ్వి అని పేరొచ్చింది.

ఈ కథని ఒకసారి మన వైపు నుంచి చదవండి. ఇద్దరూ ఒకే శరీరంలోంచి పుట్టారు. పుట్టుకలో పెద్దవాడు నిషాదుడు. రాజ్యం చిన్నవాడికి వెళ్ళింది, పెద్దవాడికి 'కూర్చో' అన్న మాట దక్కింది. భాగవతం ఇంకో అడుగు ముందుకేసి, వేనుడి పాపమంతా నిషాదుడే మోసుకుపోయాడని చెప్తుంది. అంటే తప్పు చేసింది రాజు, ఆ మచ్చ పడింది అడవి మనిషి మీద. తెలుగులో పోతన భాగవతం నాలుగో స్కంధంలో ఈ కథ ఉంది. మనలో చాలామంది ఇళ్ళల్లో భాగవతం ఉండదు గానీ డిగ్రీ కాలేజీ లైబ్రరీలో తప్పకుండా ఉంటుంది, తీసి చూడండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పాత పుస్తకాల్లో నిషాదులు, శబరులు, పుళిందులు, కిరాతులు అని కనబడగానే వాళ్ళే మన కోయలు, వాళ్ళే మన గోండులు అని రాసేస్తున్నారు కొందరు. అలా గీత గీసి కలపడానికి ఆధారం లేదు. కొండలో, అడవిలో, రాజు చెయ్యి పూర్తిగా ఆనని చోట బతికేవాళ్ళకి మైదానం వాళ్ళు పెట్టిన పేర్లవి. మనకి ముఖ్యం ఆ పేరు ఏ తెగది అన్నది కాదు, ఆ పేరు పెట్టిన చూపు ఎలాంటిదన్నది.

ఇప్పుడు రాజమహేంద్రవరం వద్దాం. పదకొండో శతాబ్దం. వేంగి చాళుక్య రాజు రాజరాజనరేంద్రుడు నన్నయని పిలిచి భారతం తెలుగులో రాయమన్నాడు. ఎందుకు భారతమే? రాజుగారే చెప్పుకున్నారు, తమది చంద్రవంశమని, పాండవులు తమ వంశంలో పూర్వీకులని. అంటే తెలుగులో మొదటి కావ్యంగా మనం చదువుకునేది ఒక రాజు తన తాతముత్తాతల కథగా భావించి రాయించుకున్నది. తప్పు పట్టడం లేదు, నన్నయ గొప్ప కవి, అది వేరే సంగతి. కానీ అదే గోదావరి మీద పడవెక్కి పైకి వెళ్తే పాపికొండలు, రంప కొండలు, కొండరెడ్లు, కోయలు. రాజసభకి అడవి అంత దగ్గరలో ఉంది. ఆ సభలో చదివిన ఆదిపర్వంలో అడవి మనుషులు ముఖ్యంగా మూడుచోట్ల తగులుతారు.

ఒకటి ఏకలవ్యుడు. అందరికీ తెలిసిన కథే గానీ బళ్ళో చెప్పినప్పుడు ఒక ముక్క వదిలేస్తారు. ఏకలవ్యుడు దిక్కులేని పిల్లాడు కాదు, నిషాద రాజు హిరణ్యధన్వుడి కొడుకు. అతనికీ ఒక రాజ్యం ఉంది, వారసత్వం ఉంది. ద్రోణుడు కాదన్నాడు. మట్టిబొమ్మ పెట్టుకుని నేర్చుకున్నాడు. మొరిగిన కుక్క నోట్లో ఏడు బాణాలు దిగాయి. అర్జునుడికి నిద్ర పట్టలేదు, ఎందుకంటే నిన్ను మించిన శిష్యుడు నాకు ఉండడని గురువు మాటిచ్చాడు. ద్రోణుడు వెళ్ళి కుడిచేతి బొటనవేలు దక్షిణగా అడిగాడు. ఇతను కోసి ఇచ్చేశాడు. బళ్ళో ఇక్కడితో ఆపి 'ఎంత గురుభక్తి' అంటారు. మనం ఆగొద్దు. చాలాకాలం తర్వాత, ద్రోణపర్వంలో, కృష్ణుడే అర్జునుడితో అంటాడు: ద్రోణుడు నీ కోసమే ఏకలవ్యుడి వేలు ఎత్తుగడతో తీసుకున్నాడని, జరాసంధుణ్ణి, శిశుపాలుణ్ణి, ఏకలవ్యుణ్ణి ముందే తొలగించకపోతే ఇప్పుడు వాళ్ళు దుర్యోధనుడి వైపు నిలబడేవాళ్ళని. వ్యాసుడు దాచిపెట్టలేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. అది గురుభక్తి కథ కాదు, రాబోయే యుద్ధానికి లెక్క. దాన్ని భక్తి కథగా మార్చింది తర్వాతి చెప్పేవాళ్ళు.

ఆ మార్పు ఎంత దూరం వచ్చిందో చూడండి. కేంద్ర ప్రభుత్వం 1985 నుంచి క్రీడా శిక్షకులకి ఇచ్చే పెద్ద పురస్కారం పేరు ద్రోణాచార్య. ఆటగాళ్ళకి ఇచ్చేది అర్జున, అది 1961 నుంచి ఉంది. మన పిల్లలు చదివే గురుకులాల పేరు ఏకలవ్య. పేర్లు పెట్టినవాళ్ళు చెడు ఉద్దేశంతో పెట్టారని మేం అనం. కానీ ముగ్గురినీ పక్కపక్కన పెట్టినప్పుడు ఎవరి చేతికి ఏ వేలు లేదో ఎవరికీ గుర్తు రాలేదంటే, ఆ కథ ఎంత మెత్తగా లోపలికి దిగిందో ఆలోచించండి.

రెండోది లక్క ఇల్లు. ఇది మనలో చాలామందికి తెలియదు. దుర్యోధనుడు పాండవుల్ని కాల్చేయడానికి వారణావతంలో లక్క ఇల్లు కట్టించాడు, వాళ్ళు సొరంగంలోంచి తప్పించుకున్నారు, ఇంతే కదా మనం విన్నది. ఆ రాత్రి కుంతి అన్నదానం చేసింది. తిండి కోసం ఒక నిషాద స్త్రీ ఐదుగురు కొడుకులతో వచ్చింది. తిన్నారు, తాగారు, అక్కడే పడి నిద్రపోయారు. భీముడు ఇంటికి నిప్పు పెట్టాడు. పొద్దున్న బూడిదలో ఆరు శవాలు దొరికాయి, ఒక తల్లి, ఐదుగురు కొడుకులు. పాండవులు చచ్చారని ఊరంతా ఏడ్చింది, దుర్యోధనుడు నమ్మాడు. ఆ తల్లికి పేరు లేదు, కొడుకులకి పేర్లు లేవు. వాళ్ళ కోసం ఏడ్చినవాళ్ళు ఆ కథలో లేరు. వాళ్ళ శవాలు ఉపయోగపడింది వేరేవాళ్ళ చావుకి సాక్ష్యంగా. దీని గురించి మహాశ్వేతాదేవి బెంగాలీలో 'కుంతి ఓ నిషాది' అని ఒక కథ రాసింది. అడవిలో ముసలి కుంతి ముందుకి ఒక నిషాద స్త్రీ వచ్చి నిలబడుతుంది. దొరికితే చదవండి, అంతకన్నా ఎక్కువ చెప్తే కథ పాడవుతుంది.

మూడోది ఖాండవ వనం. అగ్నికి ఆకలేస్తే కృష్ణుడు, అర్జునుడు కాపలా నిలబడి అడవి మొత్తం తగలబెట్టించారు. బయటికి పారిపోబోయిన ప్రతి ప్రాణినీ బాణాలతో మళ్ళీ మంటల్లోకి తోశారు. బతికి బయటపడ్డది తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, మయుడు, నాలుగు పక్షి పిల్లలు. ఆ మయుడే ప్రాణభిక్షకి బదులుగా ధర్మరాజుకి సభ కట్టి ఇచ్చాడు. ఆ సభలో కూర్చునే రాజసూయం ఆలోచన మొదలైంది, అంటే సామ్రాట్టు కావాలనే కోరిక. అడవి కాలింది, సభ లేచింది, సామ్రాజ్యం కోరిక పుట్టింది. ఈ వరసని ఇరావతీ కర్వే 'యుగాంత' పుస్తకంలో గట్టిగా ప్రశ్నించింది. డ్యాం కోసమో గని కోసమో ఊరు ఖాళీ చేసినవాళ్ళకి ఈ వరస కొత్తగా చెప్పక్కర్లేదు.

ఘటోత్కచుడి సంగతి ఒక్క మాటలో. భీముడి కొడుకే, అడవిలో పుట్టినవాడు, హిడింబ బిడ్డ. పాండవుల కోసం పోరాడి కర్ణుడి శక్తి ఆయుధానికి చచ్చాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషంతో గంతులేశాడు. కర్ణుడు చంపకపోయి ఉంటే ఏదో ఒకరోజు నేనే చంపాల్సొచ్చేది, వీడు యజ్ఞాలకి శత్రువు అన్నాడు. మన సైన్యంలో పనికొచ్చినంతసేపు మనవాడు, ఆ తర్వాత రాక్షసుడు.

ఇవి కథలు కదా, చరిత్ర ఏం చెప్తుందంటారా. చరిత్ర కూడా ఇదే మాట పొడిగా చెప్తుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అడవి అంటే ముందు ఏనుగులు. రాజు గెలుపు ఏనుగుల మీదే ఆధారపడి ఉంటుందని, ఏనుగుని చంపినవాడికి మరణశిక్ష అని రాశాడు. రాజుకుండే సైన్యాల రకాల్లో 'అటవీ బలం' ఒకటి, అంటే అడవి మనుషుల దండు, కానీ దాన్ని నమ్మదగ్గ సైన్యాల్లో కింద పెట్టాడు. ఇంకోచోట దొంగలు ప్రమాదమా, అడవి నాయకులు ప్రమాదమా అని చర్చ పెట్టి, అడవి నాయకులే అని తేల్చాడు. కారణం వింటే ఆశ్చర్యమేస్తుంది. దొంగలు రాత్రిళ్ళు దాక్కుని దోచుకుంటారు. వీళ్ళు అలా కాదు, సొంత నేల మీద ఉంటారు, ఎక్కువమంది ఉంటారు, ధైర్యంగా ఎదురుగా పోరాడతారు, రాజుల్లాగే నడుచుకుంటారు. అదీ అసలు భయం. రాజుకి పక్కనే ఇంకో రాజు లాంటివాడు ఉండటం.

అశోకుడు కళింగ యుద్ధం తర్వాత మారిపోయాడని చదువుకుంటాం. ఆ పశ్చాత్తాపం చెప్పే పదమూడో శిలాశాసనంలోనే అడవి ప్రజలకి ఒక హెచ్చరిక ఉంది. మిమ్మల్ని కూడా దయతోనే చూస్తాను, కానీ బాధపడుతున్నా శిక్షించే శక్తి నాకుంది, సిగ్గుపడి దారికి రండి, లేకపోతే చస్తారు అన్నది దాని సారం. అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలు మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో కూడా చెక్కి ఉన్నాయి. ఇక నాలుగో శతాబ్దపు సముద్రగుప్తుడు. అలహాబాదు స్తంభం మీద అతని పొగడ్తలో అడవి రాజులందరినీ తన పరిచారకులుగా చేసుకున్నాడని ఉంది. అడవి 'రాజులు' అనే రాశారు గమనించండి. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే 'ఆటవిక రాజ్యాలు' అని ఒక మార్కుకి రాసి ముందుకెళ్ళిపోతాం.

సరే, ఇదంతా వాళ్ళు చెప్పిన మాట. మనవాళ్ళు ఏం చెప్పుకున్నారు?

మేడారం కథ చూడండి. కోయ పెద్దలు చెప్పే కథల్లో చిన్న చిన్న తేడాలున్నా నడుమ ముడి ఒకటే. కరువొచ్చింది, పంట లేదు, కప్పం కట్టలేమన్నారు. కాకతీయ ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. పగిడిద్దరాజు పోయాడు, సారలమ్మ, నాగులమ్మ పోయారు, జంపన్న సంపెంగ వాగులో దూకాడు, ఆ వాగే జంపన్న వాగైంది. సమ్మక్క చిలకలగుట్ట మీదికి వెళ్ళి మాయమైంది, కుంకుమ భరిణ దొరికింది. ఇది పన్ను కట్టలేనన్న వాళ్ళ వైపు నుంచి చెప్పిన కథ. ఇందులో గెలిచిన రాజుకి పొగడ్త లేదు. ఓడినవాళ్ళకే రెండేళ్ళకోసారి లక్షలమంది బెల్లం తలకెత్తుకుని వస్తారు, దాన్నే బంగారం అంటారు. విగ్రహం లేదు. అమ్మవారిని గద్దె మీదికి తెచ్చేది కోయ వడ్డెలు. ఏనుగు మీద కూర్చున్న రాజు కావ్యం మనకి లేదు, ఇది ఉంది.

కానీ మనవాళ్ళెవరూ అధికారం కోరలేదని చెప్తే అబద్ధం అవుతుంది. గోండు రాజులు చాందాలో శతాబ్దాలపాటు రాజ్యం చేశారు, కోటలు కట్టారు, పన్నులు తీసుకున్నారు. 1751లో నాగపూర్ భోంస్లేలు చాందాని మింగేసేదాకా ఆ రాజ్యం నడిచింది. ఆదిలాబాద్‌లో కొన్ని ఊళ్ళ మీద పెత్తనం చేసే గోండు మొకాశీలు ఉండేవాళ్ళు, నిజాం పాలనలో వాళ్ళ హక్కులు మెల్లగా కరిగిపోయాయి. పర్ధాన్లు కింగ్రి వాయిస్తూ పాడే సగా కథల్లో యుద్ధాలున్నాయి, వీరులున్నారు, ఎవరు పెద్ద ఎవరు చిన్న అన్న తగువులూ ఉన్నాయి. అయితే ఆ కథల మూలంలో ఉన్న పహండి కుపార్ లింగాల్ చేసిన పని గద్దె ఎక్కడం కాదు. గుహలో బందీలైన గోండు దేవుళ్ళని విడిపించి, నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ సగాలుగా పంచి, ఎవరు ఎవరితో వియ్యమందాలో నిర్ణయించాడు. వేనుడి కథకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. అక్కడ ఒకణ్ణి నిలబెట్టి ఒకణ్ణి కూర్చోబెట్టారు. ఇక్కడ ఏ సగా ఇంకో సగా లేకుండా పెళ్ళి చేసుకోలేదు.

ఇక మన ఏజెన్సీకి వద్దాం. అసలు ఈ పోస్టు రాయాలనిపించింది ముఠాదారుల కోసం.

రంప, గూడెం కొండల్లో కొన్ని ఊళ్ళ కట్టని ముఠా అంటారు, దాని పెద్ద ముఠాదారు. ఎక్కువగా కొండదొర, కొండరెడ్డి, కోయ కుటుంబాలవాళ్ళే. తగువులు తీర్చడం, పండగ జరిపించడం, బయటివాళ్ళతో మాట్లాడటం వాళ్ళ పని. కుంఫిణీ వాళ్ళు వచ్చాక ఈ పెద్దరికం వాళ్ళకి బాగా పనికొచ్చింది. కొండ ఎక్కితే జ్వరం, బాటలు లేవు, పోలీసు నిలవడు. అందుకని ఉన్న పెద్దలకే కాగితం రాసిచ్చారు. రంపకి పైన మన్సబుదారు, అతని కింద ముఠాదారులు. 1848 నాటి ఒప్పందంతో ఈ అమరిక గట్టిపడింది. ముఠాదారు చేతికి సనదు వచ్చింది. ఆ సనదుతో పాటు షరతులూ వచ్చాయి: ఇంత కట్టుబడి కట్టాలి, నేరస్తుల్ని పట్టివ్వాలి, కొండలో శాంతి ఉంచాలి.

ఇక్కడ మారింది ఒక్క విషయం, కానీ అదే అన్నిటికీ మూలం. అంతకుముందు పెద్దమనిషి పెద్దరికం ఊరి నుంచి వచ్చేది. ఊరు కాదంటే పోయేది. సనదు వచ్చాక అది కచేరీ నుంచి వచ్చింది. ఊరు కాదన్నా పోదు, కచేరీ కాదంటే ఆ రోజే పోతుంది. కొందరు ముఠాదారులు ఊరివాళ్ళ చేత వెట్టి చేయించుకున్నారు, వసూళ్ళు పెంచారు. కొందరు ఊరి వైపే నిలబడ్డారు. ఒకే మనిషి ఒకప్పుడు అటు, ఒకప్పుడు ఇటు ఉన్న సందర్భాలూ ఉన్నాయి. మనం వాళ్ళని వీరులు, ద్రోహులు అని రెండు గుంపులుగా విడగొట్టడం కుదరదు.

1870లలో కల్లు మీద కొత్త ఆబ్కారీ నిబంధనలు వచ్చాయి. ఇంటి అవసరానికి గీసుకునే కల్లుకి కూడా పన్ను కట్టాలన్నారు. పాటదార్లు కొండెక్కారు. మన్సబుదారు చిగురు పన్ను అని ఒకటి వసూలు చేశాడు. కొండలో కల్లు అంటే తాగుడు ఒక్కటే కాదు, ఎండాకాలంలో గింజలు అయిపోయినప్పుడు అదే ఆకలి తీర్చేది. దానికి తోడు కింద నుంచి వచ్చిన వర్తకులు చదువురాని వాళ్ళతో కాగితాల మీద వేలిముద్రలు వేయించుకుని, మైదానం కోర్టుల్లో డిక్రీలు తెచ్చుకుని, పశువుల్ని, పంటని తోలుకుపోయారు. పోలీసుల పీడన సరేసరి. 1879 మార్చిలో ఫితూరీ మొదలైంది. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య, పులిగంట సాంబయ్య లాంటి నాయకులు లేచారు. గొలుగొండ కొండలకీ, రేకపల్లికీ పాకింది. రేకపల్లి 1874లో మద్రాసు కిందికి వచ్చింది, అప్పట్నుంచి పోడు పన్ను పెరిగింది, అక్కడి కోపం వేరే కుండలో ఉడుకుతోంది. మద్రాసు నుంచి సైన్యం వచ్చి 1880 నాటికి అణచేసింది.

విచారణకి వచ్చిన రెవెన్యూ బోర్డు సభ్యుడు సల్లివన్ ఈ కారణాలన్నీ రాశాడు. మన్సబుదారుని తీసేశారు. పన్ను, పోలీసు, కోర్టు గురించి అంత తెలిసి కూడా చివరికి చేసిందేంటి? మన్సబుదారుని తప్పించి ముఠాదారులకి నేరుగా ప్రభుత్వమే సనదులు ఇచ్చింది. నడుమ ఉన్న మెట్టు ఒకటి తీసేశారు, నిచ్చెన అలాగే ఉంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడుకి కొత్త కంచె పడింది.

1922 నాటికి ముఠాదారుల హక్కులు ఇంకా సన్నబడ్డాయి. ప్రభుత్వానికి ఇప్పుడు రోడ్లున్నాయి, తహసీల్దార్లున్నారు, మధ్యవర్తి అవసరం తగ్గింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు పనిలో మనవాళ్ళని నామమాత్రపు కూలికి తోలాడు. అల్లూరి సీతారామరాజు ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేసినప్పుడు ఆయన పక్కన ఉన్నవాళ్ళలో గాము గంతందొర, గాము మల్లుదొర ముందున్నారు. చరిత్రకారులు చెప్పేదేంటంటే, ఆ పోరాటంలో పోడు పోయినవాడి కోపం, పెత్తనం పోయినవాడి కోపం రెండూ కలిశాయి. పెత్తనం పోయిన కోపం ఉందని చెప్తే పోరాటం చిన్నదైపోదు. మనుషులు అలాగే ఉంటారు. రాజుగారు 1924 మే 7న చనిపోయారు, గంతందొర కూడా ఆ ఏడే పోయాడు. 1974 సినిమా మనందరం చూశాం, అందులో రాజుగారు గుర్తున్నంతగా గాము సోదరులు మనకే గుర్తులేరు.

మల్లుదొర బతికాడు. జైలు జీవితం గడిపి వచ్చాడు. 1952లో మొదటి లోక్‌సభ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి స్వతంత్రుడిగా గెలిచి ఢిల్లీ వెళ్ళాడు. ఫితూరీదారు అని ముద్రపడిన మనిషి పార్లమెంటులో కూర్చున్నాడు. ఈసారి కూర్చోమన్నది ఓటు వేసినవాళ్ళు.

అటు జోడేఘాట్‌లో 1940లో కొమరం భీం చనిపోయాడు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ని పంపింది. కేస్లాపూర్ నాగోబా జాతరలో 1940లలో దర్బారు పెట్టడం మొదలైంది. జాతర మెస్రం వాళ్ళది, దర్బారు ప్రభుత్వానిది. అర్జీలు తీసుకుంటారు, కొన్ని తీరుతాయి. అయినా ఒక్కటి గమనించండి, అక్కడ కూడా అధికారి కూర్చుంటాడు, మనం అర్జీ పట్టుకుని నిలబడతాం.

ముఠాదారీ 1969 రెగ్యులేషన్‌తో రద్దయింది, భూములు రైత్వారీలోకి మారాయి. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ని 1970లో సవరించి 1/70 చేశారు. 1996లో పెసా చట్టం వచ్చి, గూడెం స్థాయి గ్రామసభకే మాట చెల్లాలంది. 1997లో సమత తీర్పు వచ్చింది. ఇవన్నీ మీకు తెలుసు, ఇంకోసారి రాయక్కర్లేదు.

మాట్లాడాల్సింది వేరే ఉంది. షెడ్యూల్డ్ ఏరియాలో సర్పంచి కుర్చీ మనదే. అయినా కాంట్రాక్టరు బిల్లు మీద సంతకం పెట్టి, గ్రామసభ జరగకుండానే తీర్మానం రాసిచ్చిన మనవాళ్ళు లేరా? మన పేరుతో పట్టా, వేరేవాడి చేతిలో సాగు, అది ఎవరి సాయంతో జరుగుతోంది? మన సంఘాల కమిటీల్లోకే చూడండి. పెద్ద తెగలవాళ్ళం అధ్యక్షుడు, కార్యదర్శి పంచుకుంటాం. చెంచు, కొలాం, కొండరెడ్డి, గదబ, పొర్జ, తోటి పిల్లలకి చాపలు పరిచే పని వస్తుంది. కులపంచాయతీలో ఆడవాళ్ళు మాట్లాడితే 'నువ్వు కూర్చో' అంటాం. ఈ మాట ఎక్కడో విన్నాం కదా. సనదు కాగితం పోయింది గానీ, మనవాళ్ళ బలంతో పైకొచ్చి కచేరీ వైపు మొహం పెట్టే అలవాటు ఇంకా పోలేదు. పార్టీ టికెట్టు అనండి, కార్పొరేషన్ పదవి అనండి, ఎవరిస్తే వాళ్ళ మాటే వినాల్సొస్తుంది.

ఒక పని చేద్దాం. ఈ వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ముసలోళ్ళ దగ్గర కూర్చుని అడగండి. మన ఊరు ఏ ముఠా కింద ఉండేది, ముఠాదారు ఎవరు, ఊళ్ళో వాళ్ళ చేత ఏం చేయించుకునేవాడు, ఊరు అతని మాట కాదన్న రోజు ఏమైనా ఉందా, అప్పుడు అతనేం చేశాడు. ఆదిలాబాద్ వాళ్ళు మొకాశీ, పట్లా గురించి అడగండి. పెద్దవాళ్ళ మాట ఏ భాషలో వస్తే ఆ భాషలోనే, కోయలోనో గోండిలోనో కువిలోనో రాసుకోండి, తెలుగు తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లో పాత సనదు కాగితం, పన్ను రసీదు ఉంటే ఫోటో తీసుకుని అసలు కాగితం వాళ్ళ దగ్గరే ఉంచండి. ముఠాదారు కుటుంబాల పిల్లలు కూడా మనలో ఉన్నారు. వాళ్ళ ఇంట్లో చెప్పుకునే మాట వేరేగా ఉంటుంది. ముందు వాళ్ళని చెప్పనిద్దాం.